టేపు మీద మిగిలిన నలభై సెకన్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువు గదా, ఏదన్నా టెక్నాలజీ మీద మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే మనసు వేరే దాని మీదికి పోయింది. ఈ రోజు నేను ఒక పాటల ఆల్బమ్ గురించి మాట్లాడబోతున్నాను. అది తెలుగు ఆల్బమ్ కూడా కాదు, ఆస్ట్రేలియా వాళ్లది. యాభై ఐదేళ్లకు వీనికి రాక్ పాటల పిచ్చి పట్టిందా అని మా బ్యాచ్ వాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి. అటు తిరిగి ఇటు తిరిగి మన బడి వరండాలోకే వస్తాను. ఇన్నేళ్లు దాచుకున్న ఒక తప్పు కూడా ఇక్కడే ఒప్పుకోవాల్సి ఉంది.

పోయిన దసరాకు మెదక్‌లో మా పాత ఇల్లు సర్దుతున్నాం. మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాడు చిన్న స్పీకర్ పెట్టుకొని పాటలు వింటూ అటక మీది సామాన్లు అందిస్తున్నాడు. ఒక పాట సగం దాటాక ఉన్నట్టుండి ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగడం మొదలైంది. మన కాలంలో రికార్డు మీద గీత పడితే ముల్లు ఒక్కచోటే తిరిగేది గదా, అచ్చం అట్లాగే. నేను చేతిలో ఉన్న పెట్టె కింద పెట్టి పోయి, స్పీకర్ మీద ఒక్కటి చరిచిన.

"నాన్నా, ఏం జేస్తున్నవ్?" అన్నాడు వాడు.

"పాట ఇరుక్కపోయింది గదరా!"

"ఇరుక్కపోలే నాన్నా. ఆయన కావాలనే అట్ల పెట్టిండు."

అదీ పరిచయం. ఆ పాట పేరు 'లెట్ ఇట్ హ్యాపెన్'. ఆల్బమ్ పేరు 'కరెంట్స్', అంటే ప్రవాహాలు. 2015 జులై 17న వచ్చింది. చేసినవాళ్లు 'టేమ్ ఇంపాలా' అనే బ్యాండ్. ఇంపాలా అంటే ఆఫ్రికాలో ఉండే ఒక రకం జింక. బ్యాండ్ అంటున్నా గానీ రికార్డింగ్ వరకు అందులో ఉన్నది ఒకే ఒక్కడు, కెవిన్ పార్కర్. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం అతనిది. ఆ పక్కనే ఫ్రీమాంటిల్‌లో తన ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్నాడు. పాటలు రాసింది, పాడింది, డ్రమ్స్, గిటార్, కీబోర్డు వాయించింది, రికార్డు చేసింది, చివరికి అన్నీ కలిపి మిక్స్ చేసింది కూడా అతనే. వేదిక ఎక్కినప్పుడు మాత్రం స్నేహితులు తోడుగా వాయిస్తారు.

మా వాడు ఫోన్‌లో ఆల్బమ్ అట్ట చూపించాడు. నేను ఒక్క చూపులో గుర్తుపట్టాను. ఊదారంగు గీతలు ప్రవాహంలాగా వస్తున్నాయి. మధ్యలో ఒక లోహపు గుండు. దాని వెనకాల గీతలన్నీ చెదిరి మెలికలు తిరిగి సుడులైపోయినాయి. ఇంజనీరింగ్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పాఠం అది. పారే నీళ్లకు ఏదన్నా అడ్డం పెడితే దాని వెనక ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడులు విడిపోతుంటాయి. పుస్తకంలో చదవక ముందే మనం దాన్ని చూసినం. ఏడుపాయల జాతరకు పోయినప్పుడు మంజీరలో బండల వెనక నీళ్లు ఎట్లా తిరిగేవో గుర్తు తెచ్చుకోండి.

ఈ రకం సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారు. గురువుల ముందు దాచడమెందుకు, 1960ల్లో అమెరికా, ఇంగ్లండ్ కుర్రవాళ్ల మత్తుమందుల అలవాట్లతో ముడిపడి పుట్టిన పేరు అది. విన్నవాడికి మనసు తేలిపోయినట్టు, కాలం సాగిపోయినట్టు అనిపించాలని అప్పటివాళ్లు ప్రయత్నించారు. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆ శబ్దాన్ని వాళ్లు దేనితో చేశారన్న సంగతి. దానికి వాళ్లు వాడిన సాధనం మామూలు టేపు.

1966లో బీటిల్స్ 'రివాల్వర్' ఆల్బమ్ చేస్తున్నప్పుడు, ఒకే గొంతును రెండుసార్లు పాడించే శ్రమ తప్పించడానికి కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒకే ధ్వనిని రెండు టేపు యంత్రాల మీద నడిపి, ఒకదాన్ని వెంట్రుకవాసి వెనక వచ్చేటట్టు చేసి రెంటినీ కలిపాడు. ఆ ఆల్బమ్ చివరి పాటలో మన తంబురా శ్రుతి వినిపిస్తుంది. దాని మీద టేపు ముక్కలను ఉంగరాల్లాగా అతికించి తిప్పారు. ఆ టేపు ఉంగరాలు బిగువుగా ఉండేందుకు స్టూడియోలో మనుషులు పెన్సిళ్లు పట్టుకొని నిలబడ్డారట. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు నవ్వుకున్నాను. టేపుకు పెన్సిల్‌తో సంబంధం ఏమిటో ఈ సభలో నలభై ఐదు దాటిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. క్యాసెట్ పళ్లచక్రంలో పెన్సిల్ దూర్చి తిప్పని చెయ్యి మన బ్యాచ్‌లో ఒక్కటి కూడా ఉండదు.

ఆ రెండు టేపుల మాయ వెనక లెక్క చాలా సులువు. ఒక ధ్వనినీ, దాని నకలునూ ఒక మిల్లీసెకను తేడాతో కలిపితే, సెకనుకు 500 సార్లు కంపించే స్వరం తనను తానే కొట్టేసుకొని మాయమవుతుంది. 1000 సార్లు కంపించే స్వరం బలపడుతుంది. ఆ తేడా మెల్లగా మారుతుంటే మాయమయ్యే స్వరమూ మారుతుంటుంది. అప్పుడు పాట మొత్తం నీళ్లలో ఈదుతున్నట్టు వినిపిస్తుంది. పార్కర్ ఇప్పుడు యంత్రాలతో, కంప్యూటర్‌తో డ్రమ్స్ మీద, గొంతు మీద చేసే పనిలో చాలా భాగం ఇదే.

ఆ ఆల్బమ్ ప్రభావం సంగతికొస్తే, పెర్త్ పక్కన ఒక ఇంట్లో పుట్టిన ఈ 13 పాటలు ఆస్ట్రేలియాలో ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా ఏరియా అవార్డు తెచ్చుకున్నాయి. అంతకుముందు గిటార్ మోత ఎక్కువగా ఉన్న మనిషి, ఇందులో కీబోర్డుల వైపు, నాట్యం చేయించే తాళాల వైపు మళ్లాడు. పాత అభిమానుల్లో కొందరు గొణిగారు గానీ, రాక్ జోలికి పోనివాళ్లు కూడా వినడం మొదలుపెట్టారు. చివరి పాట పేరుకు తెలుగులో అర్థం చెప్తే 'కొత్త మనిషి, పాత తప్పులే' అని. ఆ పాటను రిహానా దాదాపు అదే వాద్య సంగీతంతో తన 2016 ఆల్బమ్ 'యాంటీ'లో పాడింది. ఇంకో పాటను జనం ఇంటర్నెట్‌లో వంద కోట్ల సార్లకు పైగా విన్నారు. అన్నిటికంటే పెద్ద ప్రభావం మా వాడిలాంటి పిల్లల మీద పడింది. స్టూడియో, కంపెనీ, సినిమా ఛాన్సు ఏమీ లేకుండా నా గదిలో నేను పాట చెయ్యొచ్చు అనే ధైర్యం వాళ్లకు వచ్చింది. మా వాడు కూడా రాత్రిళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఏదో చేస్తుంటాడు. నేను ఇన్నాళ్లూ ఆఫీసు పని అనుకున్నాను.

ఆ సాయంత్రం వాడు అడిగాడు. "మీ కాలంల మీకు సిన్మా పాటలు తప్ప ఏమన్నా ఉండెనా నాన్నా?"

ఎందుకు లేదు! మనకు పాట అంటే సినిమా అనేది సగం నిజమే. మన తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు గద్దర్ అయి, గొంగడి భుజాన వేసుకొని జననాట్యమండలితో ఊరూరా పాడాడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించేవాళ్లు, విభేదించేవాళ్లు ఈ సభలో ఇద్దరూ ఉంటారు. కానీ ఆ పాటకు స్టూడియో అవసరం పడలేదన్నది అందరికీ తెలుసు. ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకుడిగా 1980లో విడుదలైన 'మా భూమి'లో, బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడుతూ తెర మీద కనిపించాడు. అది సినిమాయే, కానీ ఆ పాట సినిమా కోసం పుట్టింది కాదు. సాయుధ పోరాటం నాటి పాట అప్పటికే జనం నోళ్లలో బతికి వచ్చింది.

ఇప్పటి పిల్లల్లోనూ ఆ దారి ఉంది. చౌరస్తా అనే హైదరాబాద్ బ్యాండ్ పల్లె పదాన్ని రెగె తాళంతో కలిపి సొంతంగా పాటలు చేసింది. వాళ్లలో పాడిన రామ్ మిరియాల గొంతును తర్వాత సినిమా వెతుక్కుంటూ వచ్చింది. ప్రైవేటు పాటలతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ కుర్రవాడు రాహుల్ సిప్లిగంజ్, 2023లో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి 'నాటు నాటు' పాడాడు. గదిలోనో గల్లీలోనో మొదలైన పాట పెద్ద వేదిక దాకా పోవడం పెర్త్‌కే రాసిపెట్టి లేదు.

ఇదంతా మా వాడికి చెప్తూ ఉండగానే, అటక మీది బిస్కెట్ డబ్బాలోంచి నా క్యాసెట్లు బయటపడ్డాయి. అందులో ఒకటి చూసి నా నోరు మూతపడింది.

ఇక్కడి నుంచి మన బడి సంగతి.

1985లో మా పదో తరగతి వీడ్కోలు సభ. మా తెలుగు సారు మీలో చాలామందికి తెలుసు. ఆయన పేరు చెప్పను, చెప్పకుండానే పోల్చుకుంటారు. సైకిల్ మీద చుట్టుపక్కల ఊర్లు తిరిగేవారు. ఘనపురం ఆయకట్టు కింద నాట్లు పడేటప్పుడు ఒడ్డు మీద నిలబడి ఆడవాళ్లు పాడే పాటలు నేర్చుకునేవారు. వాళ్లమ్మ పాడిన బతుకమ్మ వరుసలు, ఒగ్గు కథలో ముక్కలు, అన్నీ ఆయన గొంతులో ఉండేవి. క్లాసులో పాఠం అయిపోయి గంట కొట్టడానికి రెండు నిమిషాలుంటే ఒక పాట ఎత్తుకునేవారు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ ఉన్నట్టు నాకు కనపడలేదు.

ఆ రోజు మా దోస్తు వాళ్ల మామ గల్ఫ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్ పట్టుకొచ్చాడు. నేను అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొన్నాను. కరెంటు పోయింది. సెల్లుల మీద నడిపినం. సారు వరండాలో కుర్చీ వేసుకొని, "ఏం పాడాల్రా?" అంటూ గంటసేపు పాడారు. రెండు వైపులా నిండింది. సెల్లులు బలహీనపడి టేపు నెమ్మదిగా తిరిగిందేమో, ఇంటికి పోయి కరెంటు మీద వింటే సారు గొంతు సన్నగా, హడావిడిగా వినపడింది. అందరం పడిపడి నవ్వినం.

క్యాసెట్ వెనక రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఉంటాయి, గుర్తుందా? వాటిని విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు చెయ్యడానికి మిషన్ ఒప్పుకోదు. నేను విరవలేదు. కొత్త క్యాసెట్ గదా, ఎప్పుడన్నా పనికొస్తుందిలే అనుకున్నాను.

పనికొచ్చింది. 1989లో హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ హాస్టల్‌లో ఉన్నాను. 'గీతాంజలి' పాటలు ఎక్కడ చూసినా అవే. పక్క గదిలో ఒరిజినల్ క్యాసెట్ ఒక్క రాత్రికి దొరికింది. కొత్త క్యాసెట్‌కు చేతిలో పైసల్లేవు. పెట్టెలో సారు క్యాసెట్ ఉంది. టేపు రికార్డర్‌లో రికార్డు చేసే హెడ్డు కంటే ముందు చెరిపే హెడ్డు ఉంటుంది. పాతది పూర్తిగా పోయాకే కొత్తది ఎక్కుతుంది. ఎలక్ట్రానిక్స్ పాఠంలో ఆ బొమ్మ నేను ఆ సంవత్సరమే గీశాను. అన్నీ తెలిసే రెండు బటన్లు కలిపి నొక్కాను. ఒక వైపు అయిపోయాక తిప్పి, రెండో వైపు మిగిలిన చోట ఇంకేవో సినిమా పాటలు నింపాను. ఇళయరాజా గారి పాటలు గొప్పవి. అందుకే ఆ రాత్రి నాకు తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు.

ఇంతవరకైతే కుర్రతనం అనుకోవచ్చు. అసలు తప్పు తర్వాత జరిగింది.

1996లో సెలవు మీద వచ్చినప్పుడు రాందాస్ చౌరస్తా దగ్గర సారు కనపడ్డారు. రిటైరై ఉన్నారు. కాళ్లకు మొక్కాను. యోగక్షేమాలు అయినాక అడిగారు. "అరేయ్, ఆనాడు మీరు పట్టిన టేపు ఉన్నదార?"

"ఉంది సార్" అన్నాను.

"ఉంటే మంచిదే. అమ్మ పాటలు నాకే కొన్ని యాదికొస్తలేవు. ఒకసారి ఇయ్యి, విని రాసి పెట్టుకుంట."

"తెస్తా సార్" అన్నాను. తేలేదు. తర్వాత రెండుసార్లు మెదక్ వచ్చి కూడా ఆ వీధిలోకి పోకుండా తిరిగి వెళ్లాను. ఇంకొన్నాళ్లకు సారు పోయారని ఉత్తరం వచ్చింది.

ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఇప్పటికీ నన్ను కోసేది ఒకటే. ఆ రోజు చౌరస్తాలో, "సార్, చెరిపేసిన, తప్పైపోయింది" అని ఉంటే ఆయన రెండు తిట్టేవారు. ఆ తర్వాత తప్పకుండా మళ్లీ పాడేవారు. అప్పటికి ఆయనకు సగం పాటలన్నా గుర్తున్నాయి. నా దగ్గర ఉద్యోగం ఉంది, మంచి టేపు రికార్డర్ ఉంది. టేపు మీది పాటలను హాస్టల్లో చెరిపాను గానీ, మిగిలిన ఆ ఒక్క అవకాశాన్ని చౌరస్తాలో నా అబద్ధం చెరిపేసింది. 'కొత్త మనిషి, పాత తప్పులే' అనే పాట పేరు మా అబ్బాయి చెప్పినప్పుడు నేను ఎందుకు మాట్లాడలేకపోయానో వాడికి అప్పుడు అర్థం కాలేదు.

దసరా రాత్రి వాడికి మొత్తం చెప్పాను. వాడు ఏమీ అనలేదు. హైదరాబాద్ తీసుకుపోయి, పాత డెక్ ఒకటి సంపాదించాడు. నేను దాని బెల్టు మార్చి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, సరి చేసి ఇచ్చాను. క్యాసెట్‌ను రెండు వైపులా చివరిదాకా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నేను వద్దన్నాను, అంతా సినిమా పాటలే అని. వాడు వినలేదు.

రెండో వైపు చివర, 1989లో నేను ఎక్కించిన ఆఖరి పాట అయిపోయింది. నేను అక్కడ బటన్ ఆపేసి ఉంటాను. టేపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. టక్కుమని ఒక శబ్దం, ఆ తర్వాత సారు గొంతు. నలభై సెకన్లు. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ టేపు. అరవై నిమిషాల పాటలో నేను చెరపకుండా వదిలింది అంతే. వదిలింది కూడా పొరపాటునే.

గొంతు అప్పటిలాగే సన్నగా, హడావిడిగా ఉంది. మా వాడు వేగం తగ్గించి సరిచేశాడు. వాడికి రెండు టేపుల మాయలు, సుడులు తిప్పే శబ్దాలు అన్నీ చేతనవును. ఏమన్నా సంగీతం కలుపుతావా అని నేనే అడిగాను. "వద్దు నాన్నా. దీన్ని ఇట్లనే ఉండనిద్దాం" అన్నాడు. నాకంటే వాడికే బుద్ధి ఉంది.

మిత్రులారా, మీకు నాలుగు విన్నపాలు.

ఆ రోజు వరండాలో యాభై మందిమి ఉన్నాం. నా క్యాసెట్ నుంచి ఎవరన్నా నకలు చేసుకున్నారేమో నాకు గుర్తు లేదు. ఇంటికి పోయాక మీ డబ్బాలు, అటకలు, సందుగలు వెతకండి. బూజు పట్టి ఉంటే మిషన్‌లో పెట్టకండి, తెగిపోతుంది. నాకు ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకుపోయి, శుభ్రం చేసి, కంప్యూటర్‌లో ఎక్కించి మీ క్యాసెట్ మీకు తిరిగిస్తాను.

రెండోది, మీ ఇంట్లో క్యాసెట్ దొరికితే ముందు ఆ ప్లాస్టిక్ నాలుకలు విరవండి.

మూడోది, మీ అమ్మ, నాయనమ్మ, మీ ఊరి ముసలవ్వ పాడుతుంటే జేబులో ఫోన్ తియ్యండి. ఈ రోజు ఏ స్టూడియో అక్కర్లేదు. పెర్త్‌లో ఒక్క మనిషి తన ఇంట్లో కూర్చొని ప్రపంచానికి వినిపించాడు, మనం మన ఇంటి పాటను మన పిల్లలకన్నా వినిపిద్దాం. పాడినవారి పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చెయ్యండి. ఫోన్‌లో ఒకటే ఉంచకుండా మూడు చోట్ల దాయండి. సంఘం ఒప్పుకుంటే బడి లైబ్రరీలో ఒక కంప్యూటర్, రెండు హార్డ్ డిస్కులు నా ఖర్చుతో పెడతాను.

నాలుగోది చిన్నపిల్లలకు. పోగొట్టింది ఏదన్నా ఉంటే, పెద్దవాళ్లు బతికి ఉండగానే ఒప్పుకోండి. తిడితే తిట్టనీయండి.

సారు కుటుంబం ఈ రోజు సభలో ఉన్నారు. వాళ్లకు నిన్ననే ఇంటికి పోయి చెప్పి, క్షమించమని అడిగాను. వాళ్ల అనుమతితో ఆ నలభై సెకన్లు ఇప్పుడు వినిపిస్తాను. ఒక నాటు పాట ఆఖరి చరణం, తర్వాత కొంచెం దగ్గు, తర్వాత సారు మాట. దయచేసి ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి.

*

(సభలో వినిపించిన టేపులో పాట ముగిశాక సారు మాటలు ఇవి: "అయిపోయిందార రీలు? చాలు తియ్యి. పిల్లలు ఆకలి మీదున్నరు, అన్నాలు పెట్టుండ్రి.")